పాత తరం రివాల్వర్, 1911 పిస్టల్ రోజూ వెంట ఉంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో, ముఖ్యంగా డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళలో తుపాకీ కొనాలనుకునేవాళ్ళు పెరిగారు. వాళ్ళలో కొందరికి ఇప్పటి ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్ళు నచ్చవు, ఇనుము, చెక్క పట్టు ఉన్న పాత మోడళ్ళ మీదే మనసు పోతుంది. నాదీ అదే జబ్బు కాబట్టి తప్పు పట్టను. కానీ రోజూ నడుముకు పెట్టుకుని తిరగడానికి అవి సరిపోతాయా అన్నది వేరే సంగతి. సరిపోతాయి, నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్ళకి మాత్రమే. ఒక మాట ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాను, చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, మారుతూ కూడా ఉంటాయి, కొనేముందు మీ రాష్ట్రం సంగతి మీరే చూసుకోండి.

పాత తరహా అంటే ఏవి?

ఇక్కడ నేను మాట్లాడేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది డబుల్ యాక్షన్ రివాల్వర్, అంటే హామర్ని (తూటాని కొట్టే సుత్తి ముక్క) ట్రిగ్గరే వెనక్కి లాగి వదిలేది: 1899లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ మిలిటరీ అండ్ పోలీస్, అంటే తర్వాత మోడల్ 10 అని పేరు పెట్టినది, 1927 నాటి కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్, 1950లో వచ్చిన ఐదు గుళ్ళ చీఫ్స్ స్పెషల్, దాని సంతతి అయిన జే ఫ్రేమ్ బుల్లి రివాల్వర్లు. రెండోది జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన 1911, .45 కాలిబర్. అమెరికా సైన్యం దీన్ని 1911 మార్చిలో తీసుకుని 1985లో బెరెట్టా వచ్చేదాకా వాడింది. మూడోది 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్, 9 ఎంఎం, 13 రౌండ్ల మ్యాగజైన్. మన సైన్యంలో చేసినవాళ్ళు ఇంట్లో ఉంటే అడిగి చూడండి, ఇండియన్ ఆర్మీ దశాబ్దాలుగా వాడుతున్న 9 ఎంఎం 1ఏ పిస్టల్ ఈ హై పవరే, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది.

కౌబాయ్ సినిమాల్లో కనిపించే 1873 కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ (ప్రతిసారీ హామర్ని చేత్తో లాగాల్సిన రివాల్వర్) కూడా కొందరికి మోజే. దాన్ని షోకేసులో పెట్టుకోండి చాలు.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. కొనొచ్చా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఎల్1, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు సహా, మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో మనవాళ్ళు వాడుకునేది ఒకటే: ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ ఉండటం. ఇది వినగానే "ఓ, అంతేనా" అని ఆన్‌లైన్లో నిమిషాల్లో హంటింగ్ లైసెన్స్ తీసుకుని షాపుకి వెళ్ళేవాళ్ళున్నారు. చట్టప్రకారం అది నడుస్తుంది, కానీ లైసెన్స్ గడువు ముగిసిన మర్నాడు మీ బీరువాలో ఉన్న తుపాకీ ఫెడరల్ నేరం అవుతుంది, శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది. ఇంట్లో ఉంచుకోవడం వేరు, వెంట పెట్టుకుని తిరగడం వేరు, ఆ రెండోదానికి ఈ మినహాయింపుతో మీ రాష్ట్రం ఒప్పుకుంటుందో లేదో విడిగా చూసుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగండి. ఇన్నేళ్ళు క్యూలో నిలబడి, ఒక రెన్యూవల్ తేదీ మర్చిపోయి అంతా పోగొట్టుకోవడం ఎందుకు?

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనొచ్చు. కానీ వాళ్ళకూ తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేసే వీలు చట్టంలో ఉంది. షాపులో నింపే 4473 ఫారంలో పౌరసత్వం గడి దగ్గర తొందరపడి తప్పు టిక్కు పెట్టారంటే అది ఇంకో పెద్ద తలనొప్పి, అమెరికా పౌరుడినని అబద్ధం చెప్పినట్టవుతుంది.

నేను స్టూడెంట్‌ని, గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తాను. కౌంటర్ కింద ఓనర్ గారి రివాల్వర్ ఉంటుంది. అవసరమైతే తీసుకోవచ్చా?

ఎఫ్1 మీద ఉంటే దాన్ని ముట్టుకోకండి. చేతిలోకి తీసుకున్నా, మీ అధీనంలో ఉందని అనిపించినా పొసెషన్ కిందికే వస్తుంది, తుపాకీ ఎవరి పేరు మీద ఉందన్నది లెక్కలోకి రాదు. దోపిడీకి వచ్చినవాడు డబ్బడిగితే ఇచ్చేయండి. గల్లాపెట్టె ఓనర్‌ది, ప్రాణం మీది. కౌంటర్ కింద తుపాకీ పెట్టి దాన్ని మీకు అప్పజెప్పే ఓనర్ మీకు మేలు చేస్తున్నట్టు కాదు. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీ పేల్చినా ఇదే రూల్ అని చాలామందికి తెలియదు, ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో కూడా పెడతారు.

చిన్న రివాల్వర్ సులువు కదా, మా ఆవిడకి మొదటి తుపాకీగా అదే కొందామనుకుంటున్నాను.

షాపుల్లో ఎక్కువగా వినపడే సలహా ఇదే, నేను అస్సలు ఒప్పుకోని సలహా కూడా ఇదే. వాడటం సులువు, నిజమే, సేఫ్టీ మీటలు లేవు, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. గురి తగలడం మాత్రం కష్టం. మోడల్ 642 లాంటి అల్యూమినియం ఫ్రేమ్ రివాల్వర్ సుమారు 400 గ్రాములు, దాన్నుంచి .38 స్పెషల్ తూటా వెళ్తే ఆ దెబ్బంతా అరచేతికే తగులుతుంది. బ్యారెల్ రెండంగుళాలు కూడా లేదు, సైట్లు అంటే పైన ఒక గాడి, ముందు ఒక చిన్న మిట్ట. ట్రిగ్గర్ నొక్కడానికి 10 నుంచి 12 పౌండ్ల బలం కావాలి, అంటే తుపాకీ బరువుకి పది రెట్లకు పైగా. ఆ బలం పెడుతూ తుపాకీ కదలకుండా పట్టుకోవడం నెలల తరబడి సాధన చేస్తే గానీ రాదు. మొదటిరోజు రేంజ్‌లో పది రౌండ్లు కాల్చి, చెయ్యి నొప్పెట్టి, ఇంక జన్మలో ముట్టుకోను అని డ్రాయర్లో పడేసినవే సెకండ్ హ్యాండ్‌లో కొత్తవాటిలా మెరుస్తూ దొరుకుతాయి.

రివాల్వరే కావాలంటే నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న ఉక్కు మోడల్ 10తో మొదలుపెట్టమనండి. కిలోకి కాస్త తక్కువ బరువుంటుంది, ఆ బరువే దెబ్బని మింగేస్తుంది, చేతిలో మెత్తగా ఆడుతుంది. దాంతో చెయ్యి కుదిరాక బుల్లిదాని సంగతి చూడొచ్చు. ఇంకో మాట, ఆవిడ తుపాకీ ఆవిడే ఎంచుకోవాలి. అద్దెకిచ్చే రేంజ్‌కి తీసుకెళ్ళండి, నాలుగైదు రకాలు కాల్చి చూశాక ఆవిడకి ఏది నచ్చితే అది. అసలేదీ వద్దంటే అది కూడా సమాధానమే.

ఐదారు రౌండ్లు సరిపోతాయా?

ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. రివాల్వర్ కథ మలుపు తిరిగిన సంఘటనల్లో 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పులు ఒకటి. ఇద్దరు బ్యాంకు దొంగల్ని పట్టుకోబోయిన ఎఫ్‌బీఐ ఏజెంట్లలో ఇద్దరు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి రివాల్వర్లే, చేతికి గాయమైన ఒక ఏజెంట్ తన రివాల్వర్ మళ్ళీ నింపుకోలేకపోయాడు. ఆ తర్వాతే ఎఫ్‌బీఐ, దాని వెనకే పోలీసు శాఖలు సెమీ ఆటోమేటిక్ వైపు వేగంగా మళ్ళాయి. అయితే వాళ్ళ పని దొంగల వెంట పడటం, మీ పని తప్పించుకుని బయటపడటం. పార్కింగ్ లాట్‌లో అడ్డొచ్చినవాడి నుంచి దూరం జరగడానికి ఐదు రౌండ్లు తక్కువేం కాదంటాను నేను, ఒప్పుకోనివాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ వాదనలోనూ పస ఉంది. రివాల్వర్ మోసేవాళ్ళు అదనంగా ఒక స్పీడ్ లోడర్ (తూటాలన్నీ ఒకేసారి రివాల్వర్లో దించే సాధనం) గానీ జేబులో పట్టే స్పీడ్ స్ట్రిప్ (తూటాలు గుచ్చిన రబ్బరు పట్టీ) గానీ పెట్టుకోవడం మంచిది, దాంతో నింపడం కూడా ప్రాక్టీస్ చెయ్యాలి.

కొన్ని రాష్ట్రాల్లో ఈ తక్కువ రౌండ్లే కలిసొస్తాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌కి 10 రౌండ్ల పరిమితి ఉంది. రివాల్వర్‌కీ, ఏడు రౌండ్ల 1911కీ ఆ గొడవే లేదు. హై పవర్ 13 రౌండ్ల పాత మ్యాగజైన్ మాత్రం అక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. వీటి మీద కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉంటాయి, తాజా పరిస్థితి చూసుకోండి.

1911 హామర్ వెనక్కి లాగి ఉంచి నడుముకు పెట్టుకోవాలంటున్నారు. చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

చూసినవాళ్ళందరికీ ఉంటుంది. ఛాంబర్లో (తూటా పేలే గదిలో) రౌండు, హామర్ పూర్తిగా వెనక్కి, బొటనవేలి సేఫ్టీ పైకి, దీన్నే కండిషన్ వన్ అంటారు. 1911ని వెంట మోసేవాళ్ళు ఎక్కువగా నడిచేది ఈ పద్ధతిలోనే. ఇందులో బొటనవేలి సేఫ్టీ ఒకటి, పట్టు వెనక అరచేత్తో నొక్కితే గానీ వదలని గ్రిప్ సేఫ్టీ ఇంకొకటి. 1983 తర్వాత కోల్ట్ సిరీస్ 80లో ఫైరింగ్ పిన్‌ని అడ్డుకునే మూడోదీ చేర్చారు. మంచి హోల్‌స్టర్ (తుపాకీ ఒర) ట్రిగ్గర్ని పూర్తిగా మూసి ఉంచితే ఈ పద్ధతి భద్రమైనదే.

భయమేసి కొందరు చేసే పని అసలు ప్రమాదం: ఛాంబర్లో రౌండు ఉండగానే ట్రిగ్గర్ నొక్కి, హామర్‌ని బొటనవేలితో మెల్లగా దించడం. వేలు జారిందంటే పేలుతుంది. ఆ పని చెయ్యకండి. కండిషన్ వన్ మీకు సరిపడకపోతే అది మీ తప్పు కాదు, 1911 మీ తుపాకీ కాదు, అంతే. బయటికి తీయగానే సేఫ్టీ దించడం, మళ్ళీ పెట్టేముందు ఎక్కించడం ఒళ్ళు మర్చిపోని అలవాటు కావాలి. ఇవాళ గ్లాక్ (ఆ బొటనవేలి సేఫ్టీ లేని ప్లాస్టిక్ పిస్టల్), రేపు 1911 అని మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళకి ఆ అలవాటు ఎప్పటికీ రాదు. పెళ్ళికో చీర అన్నట్టు తుపాకీలు మార్చకండి.

బరువు సంగతి కూడా తెలుసుకోండి. పూర్తి సైజు 1911 ఖాళీగానే సుమారు 1.1 కిలో. గట్టి బెల్టు లేకపోతే మధ్యాహ్నానికి ప్యాంటు జారిపోతుంది.

రివాల్వర్ జామ్ కాదంటారు, నిజమేనా?

తక్కువ, అంతేగానీ కాకపోవడమంటూ లేదు. తూటాలుండే, తిరిగే సిలిండర్లోంచి ఖాళీ కేసులు తోసే నక్షత్రం ఆకారపు ముక్క కింద కాలని మందు పలుకులు చేరితే సిలిండర్ బిగుసుకుపోతుంది. ఎజెక్టర్ రాడ్ మర వదులైతే సిలిండర్ తెరుచుకోదు. బరువు తక్కువ రివాల్వర్లో మిగిలిన తూటాల బుల్లెట్లు ఆ అదురుకి ముందుకు జరిగి అడ్డుపడతాయి. పిస్టల్ ఆగితే మ్యాగజైన్ కింద ఒక చరుపు చరిచి స్లైడ్ లాగితే చాలాసార్లు తేరుకుంటుంది, రివాల్వర్ ఆగిందంటే మాత్రం ఇంటికెళ్ళి పనిముట్లు తీయాల్సిందే. జేబులో మోసేవాళ్ళకి దూది, దుమ్ము ఇంకో బెడద, వారానికోసారి తుడవండి.

సెకండ్ హ్యాండ్ పాతది కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందు తూటాలు లేవని మీ కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. షాపువాడి అనుమతి తీసుకుని, రివాల్వర్ హామర్‌ని చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి, హామర్ నిలిచే సమయానికి సిలిండర్ కూడా టక్కున లాక్ అవ్వాలి. ఆరు గదులకీ ఇదే చూడండి. ఏ ఒక్కటి వెనకబడినా టైమింగ్ పోయినట్టే. సిలిండర్ ముందుకీ వెనక్కీ ఊగుతోందా చూడండి. బ్యారెల్ వెనక మొదలు, ఫోర్సింగ్ కోన్ అంటారు, అక్కడ చీలిక ఉందేమో లైటేసి చూడండి, .357 మాగ్నమ్ బాగా కాల్చిన మోడల్ 19ల్లో కింది అంచు దగ్గర చీలికలు వస్తాయి. స్క్రూ తలలు చెడిపోయి ఉంటే ఇంట్లో ఎవరో రిపేరు ప్రయోగాలు చేశారని అర్థం.

పాత కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ ముచ్చటైన వస్తువు, ఆరు రౌండ్లు పడతాయి, కానీ ఆ లోపలి మెకానిజం తెలిసిన మెకానిక్‌లు తగ్గిపోయారు, విడిభాగాలూ అంతే. రోజూ వాడటానికి స్మిత్ అండ్ వెస్సనే నయం. 1911, హై పవర్ కొంటే రీకాయిల్ స్ప్రింగ్, మ్యాగజైన్లు కొత్తవి వేయించండి, సగం ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి. సైన్యం నాటి పాత 1911లు గుండ్రటి ముక్కు తూటాల కోసం చేసినవి, హాలో పాయింట్లు (ముక్కులో గుంట ఉండి, తగిలాక విచ్చుకునేవి) ఎక్కకుండా మొరాయించొచ్చు. ఎంచుకున్న తూటా కనీసం ఒకటి రెండొందలు ఇబ్బంది లేకుండా కాలితే గానీ నమ్మకండి. హై పవర్‌లో ఇంకోటి, మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచెయ్యకుండా ఒక ఏర్పాటు ఉంటుంది, పాత ఓనర్ దాన్ని పీకేశాడేమో అడగండి.

కింద పడితే పేలుతుందా?

ఏ కాలంలో తయారైందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1873 తరహా సింగిల్ యాక్షన్లలో హామర్ నేరుగా తూటా మీదే ఆనుకుని ఉంటుంది కాబట్టి పాతకాలం వాళ్ళు ఆరు గదుల్లో ఐదే నింపి, ఖాళీ గది మీద హామర్ దించేవాళ్ళు. రూగర్ కంపెనీ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హామర్ దెబ్బని తూటాకి చేర్చే ముక్క) పెట్టాక ఆ అవసరం పోయింది, అంతకుముందు అమ్మిన తన పాత సింగిల్ యాక్షన్లకి కూడా ఉచితంగా మార్చి ఇస్తుంది. స్మిత్ అండ్ వెస్సన్ వాటిలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు విక్టరీ మోడల్ పడి పేలి ఒక నావికుడు చనిపోయాక, కొత్త రకం హామర్ బ్లాక్ (ట్రిగ్గర్ నొక్కకపోతే హామర్ని అడ్డుకునే ముక్క) వచ్చింది. అందుకే ఆ మార్పుకి ముందువి మోయడానికి వద్దంటాను.

ఏ తూటాలు?

కంపెనీ తయారీ తూటాలే, ఇంట్లో నింపినవి వద్దు. తుపాకీ తయారుచేసినవాళ్ళు ప్లస్ పీ వాడొచ్చని చెప్పకపోతే ఎక్కువ పీడనం తూటాలు వెయ్యకండి, పాత అల్యూమినియం ఫ్రేమ్‌ల విషయంలో మరీ జాగ్రత్త. బుల్లి రివాల్వర్లో వేగం చాలక హాలో పాయింట్లు విచ్చుకోకపోవచ్చు, అందుకే కొందరు 148 గ్రెయిన్ వాడ్‌కట్టర్లు (ముక్కు చదునుగా ఉండే తూటాలు) పెడతారు, దెబ్బ కూడా మెత్తగా ఉంటుంది, నాకు నచ్చిన దారి అదే. ఎడిసన్ వైపు వాళ్ళకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక: న్యూజెర్సీలో క్యారీ పర్మిట్ ఉన్నా మామూలు హాలో పాయింట్లు వెంట పెట్టుకుని తిరగడం నేరం. టెక్సాస్ నుంచి మారినవాళ్ళు పాత డబ్బా అలాగే తీసుకెళ్ళి ఇరుక్కోకండి.

టెక్సాస్‌లో లైసెన్స్ అక్కర్లేదుగా, మరి ఎందుకు తీసుకోవడం?

2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, తుపాకీ ఉంచుకోకుండా చట్టం అడ్డుపెట్టని వాళ్ళు లైసెన్స్ లేకుండా మోయొచ్చు, నిజమే. కానీ స్కూళ్ళకి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు. ఫ్రిస్కో, ప్లేనోల్లో స్కూలు పక్కనుంచి పోకుండా కూరగాయలకి కూడా వెళ్ళలేం. పైగా లైసెన్స్ క్లాసులో చట్టం చెప్తారు, 50 రౌండ్ల పరీక్ష ఉంటుంది, 3, 7, 15 గజాల నుంచి కాల్చాలి. మీ పాత రివాల్వర్‌తోనే ఆ పరీక్ష రాయండి, మీ స్థాయి మీకే తెలుస్తుంది. పోలీసు ఆపి ఐడీ అడిగితే, తుపాకీ మీ దగ్గరుంటే, డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఈ తుపాకీ లైసెన్స్‌నీ చూపించాలి. చేతులు స్టీరింగ్ మీద పెట్టి, ఏది ఎక్కడుందో నోటితో చెప్పి, ఆయన చెప్పాకే కదలండి.

గుడికి, ఫంక్షన్లకి?

టెక్సాస్‌లో ప్రార్థనా స్థలాల్లోకి చట్టం తనంతట తాను అడ్డు చెప్పదు, కానీ యాజమాన్యం నిషేధం బోర్డు పెట్టినా, నోటితో చెప్పినా లోపలికి తీసుకెళ్ళకూడదు. ప్రసాదం క్యూలో, పిల్లలు కాళ్ళకి చుట్టుకునే చోట నడుముకు తుపాకీ ఎందుకో నాకైతే అర్థం కాదు. పంచె, లాల్చీ మీద ఏ హోల్‌స్టరూ నిలవదు కూడా, ఆరోజు ఇంట్లో లాకర్లో పెట్టి వెళ్ళండి. మందు తాగే చోటికి అసలే వద్దు. ఫెడరల్ ఆఫీసులకీ నిషేధమే, బయోమెట్రిక్స్ అపాయింట్‌మెంట్‌కి వెళ్ళే గ్రీన్ కార్డ్ అన్నయ్యలు, వదినలు గుర్తుపెట్టుకోండి.

1899కి ముందు తుపాకీలకి రూల్స్ లేవట కదా?

1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటిని ఫెడరల్ తుపాకీ చట్టం యాంటిక్ అంటుంది, మందు కూరి పేల్చే నమూనాలూ దాదాపు అంతే. కొనడం వరకే ఆ సడలింపు. వెంట పెట్టుకుని తిరగడం, ఎవరినైనా కాల్చడం రాష్ట్ర చట్టం కిందికి వస్తాయి, చాలాచోట్ల అక్కడ తేడా చూడరు. నూట పాతికేళ్ళ ఉక్కు మీద ప్రాణం పెట్టుకోవడం ఎలాగూ తెలివైన పని కాదు.

ఇంట్లో పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉన్నారు.

ఒంటి మీద లేనప్పుడు తాళంలో ఉండాలి, మధ్యేమార్గం లేదు. బీరువా పైన, చీరల మధ్య, దేవుడి గది సొరుగులో అంటే కుదరదు. మంచం పక్కన వేళ్ళతో నొక్కి తెరిచే చిన్న సేఫ్ బిగించండి. హామర్ వెనక్కి లాగి అలాగే ఉంచితే ట్రిగ్గర్ చాలా తేలిక, చిన్న వేలు చాలు. విజిటర్ వీసా మీద ఉన్న నాన్నగారికి సేఫ్ కోడ్ చెప్పొద్దు, ఆయన చేతికి తాళం ఇస్తే ఆయనకీ మీకూ చట్టంతో చిక్కే.

ఇంట్లో ఎవరైనా మానసికంగా కుంగిపోయి ఉన్నా, భార్యాభర్తల మధ్య గొడవలు ముదిరినా, తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. ముందు దాన్ని బయటికి పంపండి, మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఎంత ప్రాక్టీస్ చెయ్యాలి?

తూటాలు లేకుండా ఇంట్లో డమ్మీ రౌండ్లతో రోజూ ఐదు నిమిషాలు ట్రిగ్గర్ నొక్కడం, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి. నెలకోసారి రేంజ్. దండగ అనిపిస్తే మోయడం మానెయ్యండి.

నిజంగా వాడాల్సి వస్తే?

ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, తప్పించుకునే దారి లేనప్పుడు. కారు అద్దం పగలగొట్టినవాడి వెంట పరిగెత్తడానికి కాదు. ముందు 911, తర్వాత లాయర్, మధ్యలో వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క రాయొద్దు.

ఇండియాలో మా తాతగారి పేరు మీద పాత రివాల్వర్ ఉంది. అక్కడ పరిస్థితి ఏంటి?

పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి, హైదరాబాద్‌లో పోలీస్ కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ ఇస్తారు, ప్రాణభయం ఉందని చూపించాలి. .38, 9 ఎంఎం నిషేధిత బోర్ల కింద వస్తాయి కాబట్టి మామూలు లైసెన్స్‌దారు చేతిలో కనిపించేది .32 రివాల్వరే, కాన్పూర్‌లో తయారయ్యేది, పాత వెబ్లీ నమూనానే. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు. ఎన్నికలొస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు. తాతగారు పోయాక లైసెన్స్ దానంతటది మీ నాన్నగారికి రాదు, వెంటనే స్టేషన్లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పజెప్పి అప్లై చేసుకోవాలి. ట్రంకు పెట్టెలో దాచి ఉంచడం నేరం.

ఇండియా ప్రయాణంలో ఏమైనా జాగ్రత్త?

రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని ప్రయాణాలకి వాడకండి. అడుగున, కుట్టు మడతలో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్ స్కానర్లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు పెట్టే అవకాశం ఉంది, అమెరికా లైసెన్స్ చూపిస్తే వదిలెయ్యరు. పెళ్ళికి వెళ్ళి కోర్టు వాయిదాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. జాకెట్ జేబులు కూడా తిరగేసి చూసుకోండి, రివాల్వర్ మోసేవాళ్ళు స్పీడ్ స్ట్రిప్ పెట్టి మర్చిపోయేది అక్కడే.